మన పాడి: తొలకరి పచ్చిమేత – గేదె కడుపు



రోహిణీకార్తె యెండలకు మన పల్నాటిసీమలో గట్లపై గడ్డిపరకయైనను మిగులదు. రెంటచింతల యెండ యెట్టిదో వినని తెలుగువారు అరుదు. ఆ దినములలో పాడిగేదెలు వరిగడ్డినో, జొన్నచొప్పనో నమలుచు కాలము గడపును. మృగశిర ప్రవేశించి రెండు మంచి వానలు కురిసినంతనే గట్లు, బీళ్లు పచ్చబడును. ఇన్నినాళ్లు ఎండుగడ్డితో సరిపెట్టుకొనిన మూగజీవము ఇకనైనను కడుపార తినునుగదా యని మనము సంతసించి పలుపు విప్పి విడుతుము. లేదా మోపు కోయించి తెచ్చి గాడినిండ వేయుదుము. మన ప్రేమయందు లోపము లేదు. అయినను పశువులకు అజీర్ణము, కడుపుబ్బరము, నాము మొదలగు నాపదలు కలుగు కాలములలో ఈ తొలకరి ముఖ్యమైనది.

గేదె యొకటి చనిపోయినచో పోవునది పశువు మాత్రమే కాదు. ఇంటి చంటివాని పాలు, ముసలివారి మజ్జిగ, పిల్లల బడిజీతము, చీటి వాయిదా అన్నియు దానితో పోవును. నరసారావుపేట మొదలు గురజాల, మాచెర్ల వరకు మెట్టపంట చేతికి రాని సంవత్సరములలో ఎన్ని సంసారములను పాలచెంబు నిలిపినదో మన పాఠకురాండ్రకు మేము చెప్పనక్కఱలేదు. పొలముపని పురుషులదైనను, తెల్లవారుజామున కొట్టము ఊడ్చి పేడయెత్తి కుడితి పెట్టి పాలు పిదుకుట పెక్కిండ్లలో స్త్రీలవంతు. కావున గేదె కడుపులోని మార్పును అందఱికంటె ముందు కనిపెట్టగలిగినవారు మనమే. ఏ మార్పు సహజము, ఏది యపాయమునకు గుర్తు అను వివేకము మనకు కావలెను. ఈ మాసము ఆ సంగతియే ముచ్చటింతము.

కడుపులోని కాపురము

గేదె కడుపు మన కడుపువంటిది కాదు. అందు నాలుగు గదులున్నవి. మొదటిది పెద్దపొట్ట, పెద్దపశువునందు ఇది వందలీటర్లకు మించి పట్టును. రెండవది లోపల తేనెపట్టు గళ్లవంటి గోడలు గలది. మూడవది పుస్తకములోని పుటలవలె పొరలు గలది. నాలుగవదియే మన జీర్ణకోశమును బోలిన నిజమైన కడుపు. గేదె మొదట గబగబ మేసి పెద్దపొట్టలో నింపుకొని, పిదప తీఱికగా పండుకొని ఆ మేతను మరల నోటికి తెచ్చుకొని నెమరువేయును. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు దానికి ఈ పనితోనే సరిపోవును.

ఇందొక వింత కలదు. గడ్డిలోని పీచును జీర్ణించుకొను శక్తి గేదెకు స్వతహాగా లేదు. పెద్దపొట్టలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది కాపురముండును. అవియే పీచును పులియబెట్టి పశువునకు బలమిచ్చు పదార్థములుగా మార్చును. చివరకు ఆ సూక్ష్మజీవులే క్రింది గదులకు జారి, తామే జీర్ణమై పశువునకు మాంసకృత్తులగును. కావున మనము గాడిలో వేయు మేత గేదె కొక్కదానికే కాదు. దాని కడుపులోని ఆ పెద్ద సంసారమున కంతకును వడ్డించు భోజనము.

ఆ సంసారములో అందఱ రుచియు నొకటి కాదు. ఎండుగడ్డి పీచును తినునవి కొన్ని. లేతగడ్డిలోని చక్కెరను, గింజలలోని పిండిని తినునవి మఱికొన్ని. నాలుగు నెలలు వరిగడ్డియే వేసినచో మొదటి తెగవారు పెరిగి రెండవవారు తగ్గియుందురు. ఒక్కనాడు హఠాత్తుగా లేతపచ్చిక నింపినచో దానిని సరిగా వాడుకొనువారు చాలనంతగా నుండరు. వారు వృద్ధిపొంది, కడుపు క్రొత్తమేతకు సర్దుకొనుటకు రెండు మూడు వారములు పట్టును. ఈ మాసము మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మింతియే: మేత మార్చునది మనము, ఆ మార్పునకు ఎన్నాళ్లు పట్టవలెనో నిర్ణయించునది గేదె కడుపు.

మాంసాహారియైన చిన్నజంతువుతో పోల్చినచో ఈ భేదము సులభముగా తెలియును. పాశ్చాత్యదేశములలో కొందఱు ఫెర్రెట్ అను జంతువును ఇండ్లలో పెంచుకొందురు. చూచుటకు అది కొంత మన ముంగిసవలె సన్నగా, పొడవుగా నుండును. అంగడిలో దొరకు ఎండుగుళికలు మాన్పించి దానికి పచ్చిమాంసము అలవాటు చేయునపుడు కొన్నినాళ్లు మలము పలుచబడుట, రంగు మారుట కలదు. దాని పేగు మిక్కిలి పొట్టి. తినినది మూడు నాలుగు గంటలలో వెలికి వచ్చును. గేదె సంగతి యట్లు కాదు. తినిన గడ్డి ఒకటి రెండు దినములకు పైగా కడుపులో నిలిచి పులియవలెను. ఫెర్రెట్ మలమువంటిదానిని చూచి యజమాని కొన్ని గంటలలోనే మేత సంగతి తెలిసికొనవచ్చును. గేదె కడుపులో చెడిన దానిని మనము కనుగొనునప్పటికి ఒక్కొక్కప్పుడు పూట దాటిపోవును. అందుచేత మందుకంటె ముందుచూపు మేలు.

పల్నాటి మేత మారిన విధము

పూర్వము పల్నాడు జొన్నసీమ. శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులలో పల్నాటి జొన్నకూటి ప్రసక్తి కలదు. మనుష్యులకు జొన్నకూడు, పశువులకు జొన్నచొప్ప. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ నీరు పారినచోట్ల వరి వచ్చినది. చొప్పవాముల సరసను వరిగడ్డివాములు లేచినవి. మిరప, ప్రత్తి వ్యాపించినకొలది పశువుల బీళ్లు తగ్గినవి.

వరిగడ్డి కడుపు నింపునుగాని బలము చాలదు. అందు జీర్ణమగు మాంసకృత్తులు ఇంచుమించు శూన్యము. ఎ-విటమిను నిచ్చు పచ్చపదార్థము ఎండలోనే పోవును. అందలి ఆక్సాలిక్ ఆమ్లము సున్నమును పట్టి యుంచును. కావున పచ్చిమేత వేయుటయే తప్పని యెవ్వరును తలపరాదు. చూడిగేదెకు, పాలిచ్చు గేదెకు, ఎదుగు పడ్డకు పచ్చిమేత మిక్కిలి యావశ్యకము. అయితే ప్రవేశపెట్టు పద్ధతి తెలియవలెను.

అలవాటు చేయు పద్ధతి

పాలిచ్చు పెద్దగేదెకు తుదకు దినమునకు ఇరువది కిలోల పచ్చిమేత, అయిదారు కిలోల ఎండుగడ్డి వేయదలచితి మనుకొందము. మొదటి మూడు నాలుగు దినములు మూడు నాలుగు కిలోల పచ్చిగడ్డి చాలును. దానిని ముక్కలుగా తఱిగి వరిగడ్డిలోనో చొప్పలోనో కలిపి వేయవలెను. విడిగా వేసినచో గేదె పచ్చిది యేరుకొని తిని ఎండుది విడిచిపెట్టును. పిదప మూడు నాలుగు దినముల కొకసారి మఱి మూడు నాలుగు కిలోలు పెంచుచు, ఆ మేరకు ఎండుగడ్డి తగ్గించుచు పోయినచో మూడు వారములకు మార్పు పూర్తియగును. పాతరగడ్డి మొదలుపెట్టునపుడును, దాణా పెంచునపుడును ఇదే వరుస.

బయటికి తోలు గేదెలకు ఉదయమున కొంత ఎండుగడ్డి వేసి, ఆకలి సగము తీరిన పిమ్మటనే విడువవలెను. మొదటివారము గంటయో రెండుగంటలో మేపి మరలింపవలెను. ఆకలిగొన్న గేదె మంచుతడి యారని లేతపచ్చికపై పడినచో నమలక మ్రింగును.

వేసవి వచ్చి పచ్చిమేత ఎండుమేతగా మారునపుడును ఇట్లే క్రమముగా మార్పవలెను. అపుడు నీరు చాలనిచో పేడ గట్టిపడి మలబద్ధమగును. కావున త్రాగునీటికి కొఱత రానీయరాదు.

భయపడనక్కఱలేని మార్పులు

పచ్చిగడ్డిలో నూటికి డెబ్బది యెనుబది పాళ్లు నీరే. అందుచేత పేడ కొంత మెత్తబడి, రంగు ఆకుపచ్చకు తిరుగును, మూత్రము హెచ్చును, త్రాగు నీరు కొంత తగ్గును. గేదె చుఱుకుగా నుండి, మేత తిని, నెమరు వేయుచున్నంతవఱకు ఇది రోగము కాదు. దీనినిచూచి బెదరి కట్టుమందులు పోయవలదు. మేత పెంచుట రెండు దినములు ఆపి ఎండుగడ్డి కొంచెము హెచ్చించినచో సామాన్యముగా సర్దుకొనును. పేడ నీళ్లవలె కాఱినను, పులిసిన కంపు కొట్టినను, జిగురో నెత్తురో కన్పట్టినను, దూడలైనచో ఒక్కపూట పాఱినను వైద్యునకు చూపవలెను.

గేదె యెడమడొక్కమీద, తుంటియెముకకు ముందున్న గుంటలో పిడికిలి గట్టిగా ఆన్చి చూడుడు. లోపల పెద్దపొట్ట అలవలె లేచి పడుట తెలియును. ఆరోగ్యముగానున్న పశువునందు రెండు నిమిషములకు రెండు మూడు పర్యాయము లిట్లు లేచును. అలలు లేకున్నచో, నెమరు నిలిచినచో కడుపు పనిచేయుట లేదని యర్థము. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ప్రతి గృహిణియు నేర్చుకొనదగినది.

“పచ్చిగడ్డి తినిన గేదె పాలు పలుచనగును” అను మాట పల్లెలలో తఱచు వినబడును. ఇందు కొంత నిజము కలదు. పీచు పులియుటవలన పుట్టు ఆమ్లమునుండియే పాలలోని వెన్నకు ముఖ్యముగా ఆధారము కలుగును. ఎండుగడ్డి పూర్తిగా మాన్పించి లేతగడ్డియే వేసినచో పాలు హెచ్చునుగాని వెన్నశాతము తగ్గవచ్చును. పాలకేంద్రములలో వెన్ననుబట్టి వెల కట్టుదురు గనుక ఈ తగ్గుదల మన చేతికివచ్చు పైకములో కన్పట్టును. రోజుకు నాలుగైదు కిలోల ఎండుమేత మానకుండ వేసినచో ఈ నష్టము చాలవఱకు తప్పును. ఇంకొక సంగతి: ఆవు పచ్చిమేత తినినచో నేయి పసుపువన్నెకు తిరుగును; గేదె నేయి తెల్లగనే యుండును. గేదె ఆ పసుపు పదార్థమును ఎ-విటమినుగా మార్చివేయుటయే కారణము; సారము తక్కువయై కాదు.

మూడు ప్రమాదములు

మొదటిది నాము. జొన్న లేతమొక్కలో విషమును పుట్టించు పదార్థ మొకటి యుండును. పశువు నమలినంతనే దానినుండి హైడ్రోసయనిక్ ఆమ్లము వెలువడి, శరీరము ప్రాణవాయువును వాడుకొనకుండ చేయును. వానలేక వాడిన లేతజొన్న, కోసిన మోళ్లనుండి లేచిన పిలకలు మిక్కిలి యపాయకరములు. చేను కోసినారు గదా యని మోళ్లలోనికి పశువును తోలుట, ఎండిన చేనిపై ఒక వాన పడగానే మేపుట తగదు. జొన్న పూతకు వచ్చిన పిమ్మట కోసి వేయుట మేలు. బాగుగా ఎండిన చొప్పలో విషము చాలవఱకు తగ్గును. నాము పట్టిన పశువు రొప్పును, తూలును, వణకి పడిపోవును; కొన్ని నిమిషములలోనో గంటలోపలనో ప్రాణము పోవచ్చును. దీనికి సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అను మందులను వైద్యుడు నరమునకు ఎక్కించినచో బ్రతుకు నాస కలదు. ఇంటిమందులతో కాలము వృథా చేయరాదు.

రెండవది కడుపుబ్బరము. లూసర్ను, అలసంద, పిల్లిపెసర వంటి పప్పుజాతి పచ్చిమేత లేతగా, తడిగా నున్నపుడు ఆకలిమీద తినినచో పెద్దపొట్టలో నురుగు పుట్టి వాయువు బయటికి రాక నిలుచును. ఎడమడొక్క డోలువలె బిగియును. గేదె కాళ్లతో పొట్ట తన్నుకొనును, నాలుక చాపి రొప్పును. ఇట్టి మేతను కోసి కొన్ని గంటలు వడలనిచ్చి, ఒకపాలు దానికి రెండు మూడు పాళ్లు ఎండుగడ్డి కలిపి వేయవలెను. ఉబ్బు కన్పట్టగానే మేత ఆపి, ముందుకాళ్లు ఎత్తుగా నుండునట్లు నిలువబెట్టి వైద్యునకు కబురంపవలెను. వంటనూనె పోయుట నురుగును అణచు మంచి యుపాయమే. అయితే తల మిక్కిలి పైకెత్తి, నాలుక పట్టి లాగి గొట్టముతో పోసినచో నూనె ఊపిరితిత్తులలోనికి పోవును. పడిపోయిన పశువునకు, మ్రింగలేని పశువునకు ఏదియు పోయరాదు. డొక్కలో పొడిచి గాలి తీయుట వైద్యుని పని.

మూడవది పచ్చిమేతకు సంబంధించినది కాదు. ఐనను మేత హఠాత్తుగా మార్చుటవలన కలుగు ఆపదలలో మన వంటయింటినుండియే పుట్టునది. పెండ్లి, గృహప్రవేశము, సంతర్పణ జరిగిన మఱునాడు మిగిలిన అన్నము పారవేయ మనసొప్పక గంపలకొలది గేదెకు పెట్టుదుము. వరిగడ్డికి అలవాటుపడిన కడుపులో ఆ అన్నము గంటలలో పులిసి లాక్టిక్ ఆమ్లమగును. ఆ పులుపునకు పీచు తిను సూక్ష్మజీవులు చచ్చును. పెద్దపొట్ట కదలిక నిలుచును. ఒంటిలోని నీరు కడుపులోనికి చేరును. పూట గడచునప్పటికి గేదె మేత ముట్టదు, పొట్ట కదలించిన నీళ్లకుండవలె శబ్దించును, పుల్లని వాసనతో పాఱును, పండుకొని లేవలేదు. ఆలసించినచో బ్రతుకుట దుర్లభము. అన్నము మిగిలినచో అది పది పశువులకు పిడికెడు పిడికెడుగా పంచవలెనుగాని ఒక్కదాని గాడిలో పోయరాదు. గింజలు, పిండి, తవుడు ఉన్న గది తలుపు గడియ వేసి యుంచుటయు గృహిణి జాగ్రత్తలలో నొకటి.

దూడలు, గొఱ్ఱెలు

పుట్టిన దూడకు పెద్దపొట్ట ఎదిగియుండదు. తల్లిపాలు ఒక కాలువగుండ తిన్నగా నాలుగవ గదికి పోవును. ఆ దినములలో అది నెమరువేయు పశువుకంటె ఫెర్రెట్ వంటి ఒంటికడుపు జంతువునకే దగ్గఱ. రెండవవారమునుండి లేత యెండుగడ్డి కొద్దిగా అందుబాటున నుంచినచో కొఱికి కొఱికి అలవాటు చేసికొనును. మూడు నెలలకు పెద్దపొట్ట పనికివచ్చును. అంతవఱకు పచ్చిమేతపై ఆధారపెట్టి పాలు తగ్గింపరాదు.

మాచెర్ల ప్రాంతము గొఱ్ఱెలకు ప్రసిద్ధి. మాచెర్ల పేరనే గొఱ్ఱెజాతి యొకటి కలదు. తొలకరి పచ్చిక మేసిన గొఱ్ఱెలకు వచ్చు చిటుకు రోగమును ఎఱుగని కాపరి యుండడు. ఆ రోగమునకు కారణమగు సూక్ష్మజీవి మామూలుగా పేగులలో కొద్దిగా నుండునదియే. లేతమేత హఠాత్తుగా దొరకినపుడు విపరీతముగ పెరిగి విషము పుట్టించును. మందలో బలిసిన మంచి పిల్లలే ముందు చచ్చును. వానలకు ముందే టీకా వేయించుటయు, మొదటి దినములలో మేపు తగ్గించుటయు దీనికి మార్గములు.

గుర్తుంచుకొనవలసినవి

మేత మార్చుటకు మూడు వారములు పెట్టుకొనుడు. పచ్చిదానిని ఎప్పుడును ఎండుదానితో కలిపి వేయుడు. ఉదయమున పేడ యెత్తునపుడు దాని రంగు, గట్టితనము, వాసన చూడుడు. సాయంకాలము నెమరు వేయుచున్నదో లేదో చూడుడు. ఇంటిలో ఇంకొకరు మేత వేయువారున్నచో ఎన్ని కిలోల వంతున వేయవలెనో వారికిని చెప్పియుంచుడు. అత్తగారొక మోపు, కోడలొక మోపు వేసినచో లెక్క తప్పును. ఆంధ్రప్రదేశమున 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యవాహనము వచ్చు నేర్పాటు కలదు. ఆ సంఖ్యను, మీ గ్రామపు పశువైద్యుని సంఖ్యను కొట్టపు గోడమీద సున్నముతో పెద్దగా వ్రాసియుంచుడు. ఆపదలో పుస్తకము వెదకుకొనుటకు తీఱిక యుండదు.

ఏరువాకపున్నమినాడు పశువుల నలంకరించి భక్ష్యములు పెట్టుట మన యాచారము. ఆనాడు పెట్టు పొంగలి, బూరెలు పిడికెడే యగుగాక. ఆ పిమ్మట వచ్చు పచ్చిమేత మాసము దినదినమునకు కొంచెము కొంచెముగా పెరుగుగాక. పాడి నిలుచుటకు ఇదియే మార్గము.